బాబా కుర్చీలోంచి కనిపించే మెరుపు

నేను రిటైరయ్యానన్న సంగతి గ్యారేజీలో ఎవరూ నమ్మినట్టు లేరు. రోజూ ఫోన్లో ఫోటోలు వస్తూనే ఉంటాయి. ఒకాయన నల్లబడ్డ రేకు ఫోటో పెట్టి "లింగన్నా, ఏం జేయాలె?" అంటాడు. ఇంకొకాయన మిట్టమధ్యాహ్నం, భగభగమండే రేకు మీద మెషీన్ గిర్రున తిప్పుతూ వీడియో తీసి "ఎట్లుందన్నా?" అని అడుగుతాడు. ఎట్లుంటుంది? నా తలకాయలాగుంది. ఎండలో పాలిష్ పెట్టొద్దని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది గాని ఒక్కడి చెవికీ ఎక్కలేదు.

మొన్న మాత్రం ఒకతను మంచి ప్రశ్న అడిగాడు. కరీంనగర్ వైపు నుంచి కొత్తగా వచ్చి చేరినవాడు. "అన్నా, పాలిష్ పని అయిపోయిందని ఎట్ల తెలుస్తది? రుద్దుకుంట పోతే రుద్దుతనే ఉండొచ్చు గద?" ఫోన్లోనే జవాబు చెప్పబోయి ఆగిపోయాను. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. ఆ జవాబు నాకు తెలిసింది ఒక ముసలాయన వల్ల, ఒక అమాయకపు డ్రైవరు వల్ల, వాళ్ళ పాత కారవాన్ వల్ల. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా పేరు రాజలింగం. మాది జగిత్యాల దగ్గర పల్లె. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో అల్యూమినియానికి మెరుగు పెట్టడం ఇన్నేళ్ళూ నా పని. ట్యాంకర్లు, పడవల కమ్మీలు, టీ బండ్లు, అప్పుడప్పుడూ పాత కారవాన్లు, అంటే కారు వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇళ్ళు. మా ఊళ్ళో మాత్రం నేను ఈ రోజుకీ దుబాయ్ లింగన్ననే. ఖతర్‌రా బాబూ అంటే "ఏదైతేంది, దుబాయే గద" అంటారు. ఈ చలికాలం దోహాలోనే, ఉమ్ ఘువైలినాలో మా అమ్మాయి ఫ్లాటులో ఉన్నాను. పొద్దున్నే బాల్కనీలో నిలబడితే కింద ఆపిన కార్లను పొడిగుడ్డతో తుడిచేవాళ్ళు కనిపిస్తారు. అయ్యో, నీళ్ళు పొయ్యండిరా ముందు అని అరవబోతాను. "నాన్నా, ఊకో" అని మా అమ్మాయి లోపలికి లాక్కుపోతుంది.

ఖాన్ ఉస్తాద్ చెయ్యి

నాకు పని నేర్పింది ఖాన్ ఉస్తాద్. పెషావర్ వైపు పఠాను. కోపం ముక్కు మీదే ఉండేది. తప్పు చేస్తే చేతిలో ఉన్న తడిగుడ్డ విసిరికొట్టేవాడు, అది కూడా సరిగ్గా మొహానికే తగిలేది. కానీ ఆయన నేర్పిందే నేను ఇన్నాళ్ళూ తిన్నాను.

ఆయన మొదటి మాట, "పహ్లే హాథ్ రఖో." అంటే ముందు చెయ్యి పెట్టు. రేకు మీద అరచేతి వెనక భాగం ఆనించాలి. హాయిగా ఆనితే పని మొదలుపెట్టు. చుర్రుమంటే నీడకి లాగు, లేదా పోయి టీ తాగు. వేడి రేకు మీద పాలిష్ క్షణంలో ఎండి అట్టకడుతుంది. ఆ అట్టను వదిలించడానికి గీకుతావు, గీకితే గీతలు, గీతలు పోవాలంటే మళ్ళీ రుద్దుడు. దోహాలో ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం పని తెలిసినట్టే.

రెండోది నీళ్ళు. ఇక్కడి దుమ్ములో ఇసుకుంది, సముద్రం ఉప్పు ఉంది. దాన్ని పొడిగుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. మంచినీళ్ళతో పైనుంచి నిదానంగా తడుపుతూ రావాలి, దుమ్ము దానంతటదే జారిపోవాలి. ఆ తర్వాతే సబ్బూ, గుడ్డా.

మూడోది చాలామందికి తెలియదు. పాలిష్ పెట్టి రుద్దుతుంటే గుడ్డ నల్లగా అవుతుంది. కొత్తవాళ్ళకి అది చూస్తే భలే సంబరం. "అబ్బ, ఎంత మురికి వస్తుందో చూడన్నా!" అంటారు. మురికి కాదురా నాయనా అది. ఆ నలుపు రేకే. రేకు అరిగి నీ గుడ్డకి అంటుకుంటోంది. పాత కారవాన్ల రేకు పైన స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఒకటి ఉంటుంది, పాల మీద మీగడలాగా. మెరుపంతా దానిదే. అది అరిగిపోతే కింద ఉన్న రేకు నువ్వు ఎంత మొత్తుకున్నా అలా మెరవదు. కాబట్టి గుడ్డ నల్లబడిన ప్రతిసారీ గుర్తుపెట్టుకోండి, తరిగేది మీగడే.

రేకులను కలిపే రివెట్ల చుట్టూ చేరిన నలుపు తీయడానికి ఉస్తాద్ మక్కజొన్న పిండి వాడేవాడు. పొడిపిండి చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే నలుపంతా పిండి పీల్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు వంటింటి సామాను ఇక్కడేం పనని నవ్వాను. తడిగుడ్డ మొహానికి తగిలింది.

బాబా

ఆ కారవాన్ అమెరికాలో తయారైన పాతది. పొంగిన రొట్టెలాగా అన్ని మూలలూ గుండ్రంగా, ఒళ్ళంతా రివెట్లతో, రంగన్నది లేకుండా తళతళలాడే రేకుతో ఉండేది. దాని యజమానిని, ఒక ఖతరీ ముసలాయనను, ఇంట్లోవాళ్ళూ పనివాళ్ళూ అందరూ బాబా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. వయసులో ఉన్నప్పుడు, దేశం వదిలి వెళ్తున్న ఒక దొర దగ్గర కొన్నాడట. బాబాకు అల్ షహానియా ఊరి అవతల ఒంటెలుండేవి. చలికాలం వచ్చిందంటే ఇక్కడివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటారు కదా, బాబా గుడారం పక్కన ఈ కారవాన్ ఉండాల్సిందే.

చలి మొదలయ్యే ముందు ప్రతి ఏడూ అది మా గ్యారేజీకి వచ్చేది. బాబా కూడా వెంట వచ్చేవాడు. ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, చిక్కటి కరక్ టీ చప్పరిస్తూ, నేను పని చేస్తున్నంతసేపూ చూస్తూ కూర్చునేవాడు. ఆయనకు హిందీ ముక్కలు బాగానే వచ్చు. "రాజా, బస్, బస్. వాజిద్ నై" అనేవాడు. ఎక్కువ రుద్దకు అని. మీగడ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, తన వస్తువు గనక తనకే తెలిసింది.

ఒకసారి అడిగాను, బాబా, మీకు అంత పెద్ద కొత్త బండ్లుండగా దీని మీద ఇంత మోజేమిటని. ఆయన నవ్వి చెప్పాడు. కారవాన్‌ను ఆయన ఎప్పుడూ ఒక పక్క పడమరకి తిరిగేట్టు పెట్టిస్తాడట. సాయంత్రం ఒంటెలను తోలుకుని తిరిగి వస్తుంటే గుడారం కనిపించదు, మనుషులు కనిపించరు. ముందు ఆ రేకు మీద పడ్డ ఎండ కనిపిస్తుంది. అది కళ్ళల్లో కొట్టగానే అమ్మయ్య, ఇల్లు వచ్చేసింది అనుకుంటాడట. తన పిల్లల తల్లి బతికి ఉన్న రోజుల్లో ఆ వెలుగు కిందే టీ పెట్టుకుని కూర్చుని ఉండేదట. 

గ్యారేజీ మేనేజరు ఏటా ఆయన వెంట పడేవాడు. పైన లక్కర, అంటే గాజులాంటి పూత, కొట్టించండి, ఇక పాలిష్ బాధ ఉండదు అని. బాబా చెయ్యి అడ్డంగా ఊపేవాడు. "ప్లాస్టిక్ మాఫీ." అంటే ప్లాస్టిక్ వద్దని. నాదీ అదే మాట. లక్కర కొన్నాళ్ళు బాగుంటుంది, తర్వాత ఈ ఎండకి పొట్టులేస్తుంది, పొట్టు కింద ఉప్పు చేరి పురుగు తొలిచినట్టు గీతలు పడతాయి. పైగా ఎంత మంచి లక్కరైనా మెరుపును ఒక పిసరు తగ్గిస్తుంది. కడగడం, పలుచగా మైనం పట్టించడం, ఏడాదికోసారి చాలు. ఏడాదికోసారి దాని మొహం చూసే ఓపిక లేనివాడికి లక్కరే మంచిది.

తర్వాత బాబా రావడం మానేశాడు. షుగర్ ముదిరిందన్నారు, కళ్ళు దెబ్బతిన్నాయన్నారు. ఆయన రాకపోతే కారవానూ రాలేదు. చలికాలాలు గడిచిపోతున్నాయి. గ్యారేజీలో ఆ కుర్చీ చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఓబులేసు చేసిన పని

ఒకరోజు పొద్దున్నే ఫోను. "అన్నా, సచ్చిపోయినాన్నా!"

ఓబులేసు. బాబా ఇంటి డ్రైవరు. కడప జిల్లావాడు. కారవాన్‌ను గ్యారేజీకి లాక్కొచ్చేది అతనే కాబట్టి నాకు ఏళ్ళ నుంచీ తెలుసు. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు ఫోన్లో ఏడుస్తున్నాడు.

మెసైమీర్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కాంపౌండు లోపల షెడ్డు పక్కన కారవాన్.  ఒక పక్క మొత్తం మాడిన గిన్నెలాగా బూడిదరంగుకి తిరిగింది. దాని మీద గుండ్రంగా, గుండ్రంగా, ఈ చివర నుంచి ఆ చివరి దాకా గీతలు.

"ఏంజేసినవ్ రా దీన్ని?"

"తోమినానన్నా."

"దేంతోని?"

"బూడిదతో. మా కాడ సత్తు గిన్నెలు బూడిదతోనే గదన్నా తోమేది. మజ్లిస్ గదిలో కట్టెల బూడిద ఉంటే జల్లెడ పట్టి, నీళ్ళల్లో కలిపి, స్టీలు పీచుతో రుద్దినా. బాగా పట్టాలని పూసిపెట్టి, మేడమ్‌ను షాపింగుకు తీసకపోయినా. వచ్చేతలికి ఇట్లయింది."

నెత్తి కొట్టుకున్నాను. బూడిద నీళ్ళకి అల్యూమినియం అంటే పడదు. గిన్నెను తోమి వెంటనే కడుగుతాం కాబట్టి ఇంట్లో తెలియదు. పూసి ఎండలో వదిలేస్తే తినేస్తుంది. ఇక స్టీలు పీచు సంగతి చెప్పక్కర్లేదు. దాని తునకలు రేకులో దిగబడి, రాత్రి మంచుకి తుప్పుపట్టి, అప్పుడే ఎర్రెర్రగా చుక్కలు తేలాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఓబులేసు తల వంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి నేనే అలసిపోయి అడిగాను, నిన్ను ఎవడు తోమమన్నాడురా అని.

"ఎవురూ అన్లేదన్నా. పోయిన చలికాలం క్యాంపులో రోజూ సాయంత్రం బాబా అడుగుతాండె. ఓబులేస్, కారవాన్ వేన్? యాడుంది అని. ఎదురుంగానే ఉంది బాబా అంటి. ఆయప్ప నమ్మడంల్యా. తీసకరాలేదు మీరు, నాకు అబద్ధం జెప్తాండారు అంటాడు. ఒకరోజు కండ్లనీళ్ళు పెట్టుకున్నాడన్నా. మురికి పట్టి మెరుపు పోయింది, అందుకే కనపడ్డంల్యా అనుకున్నా. ఈసారి క్యాంపుకు ముందే తళతళా తోమిపెడదామని..."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

ఇంతలో లోపలి నుంచి బాబా పెద్దకొడుకు నాసర్ వచ్చాడు. మంచివాడే. కానీ ఆ రోజు మొహం కందిపోయి ఉంది. అది మా అమ్మ కూర్చున్న చోటు రాజా, వీడికి తెలుసా అన్నాడు. మళ్ళీ తనే గొంతు తగ్గించాడు. "డాక్టర్లు చెప్పారు, కంటి నరం పోయిందట. వెలుతురు, చీకటి, అంతే తెలుస్తాయి. ఇంకెన్నాళ్ళో అవి కూడా. ఇది పోతే పోయింది, తెల్లటి కొత్త కారవాన్ కొంటాను. మా నాన్నకి తేడా తెలియదు." ఓబులేసు వైపు చూడకుండానే అన్నాడు, "క్యాంపు వేసే లోపు ఇది బాగైతే సరే. లేదంటే దీన్ని అమ్మేస్తా. వీడికి ఫినిష్. ఇంటికి పోవచ్చు."

తేడా తెలియదు అన్న మాట నాకు గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. ఓబులేసు అనుకున్నట్టు లోపం రేకుదా, డాక్టర్లు అన్నట్టు కళ్ళదా? రేకుదైతే నా చేతిలో పని. కళ్ళదైతే నేను ఎంత మెరిపించినా బాబా మళ్ళీ "కారవాన్ వేన్?" అనే అడుగుతాడు. అప్పుడు ఆ ముసలాయనకి ఉన్న ఒక్క ఆశా పోతుంది, ఓబులేసు ఉద్యోగమూ పోతుంది.

అయినా సరేనన్నాను. అప్పటికే నా రిటైర్మెంటు ఖాయమైంది. గ్యారేజీలో చెప్పి, మెషీన్ తీసుకుని అక్కడికే వెళ్ళడం మొదలుపెట్టాను.

చారు వాసన

మొదట బూడిద కాటు విరగ్గొట్టాలి. గ్యారేజీలో దానికి మందులున్నాయి గాని, అంత నాజూకు రేకు మీద వాటిని పొయ్యడానికి మనసొప్పలేదు. మా అమ్మ సిల్వర్ గంజు, అంటే అల్యూమినియం గిన్నె, నల్లబడితే అందులో చింతపండు నీళ్ళు కాచేది, తెల్లగా వచ్చేది. ఓబులేసును పంపి చింతపండు తెప్పించాను. ఒక మూల చిన్న చోట పెట్టి చూశాను. నలుపు కొంచెం విరిగింది. ఇక పెద్ద గిన్నెలో కాచి, వడగట్టి, చల్లార్చి, మెత్తటి గుడ్డతో పట్టించి, ఆరకముందే మంచినీళ్ళతో కడుగుతూ వచ్చాం.

"అన్నా, రోంత ఉప్పు ఎయ్యనా? ఇత్తడికి మా అమ్మ ఏస్తాది."

"ఉప్పు గిప్పు అన్నవంటె నిన్ను గా గిన్నెల్నే ఏసి కాస్త. ఉప్పు తగిల్తె రేకుకు బొక్కలు పడ్తయి. సప్పుడు జేయక కడుగు."

కాంపౌండంతా చారు కాచినట్టు ఘుమఘుమ. ఇంట్లో మేడమ్, నాసర్ భార్య, తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఏం వంట చేస్తున్నారని అడిగింది. కారవాన్ వండుతున్నాం అన్నాను. ఆమె అయోమయంగా చూసి లోపలికి పోయింది. ఫోన్ చేసిన రోజు నుంచీ ఓబులేసు నవ్వింది అప్పుడే.

ఎర్రచుక్కలు ఒక్కొక్కటీ చెక్కపుల్లతో లేపాను. ఇనుము తీయడానికి ఇనుము వాడకూడదు. తర్వాత మెషీన్ పట్టుకునే ముందు చేసిన పని ఒకటుంది. అది ఉస్తాద్ నేర్పింది కాదు, అవసరం నేర్పింది.

గీతలన్నీ పోవాలంటే ఆ పక్క మొత్తాన్ని లోతుగా కొయ్యాలి, అంటే అరగదియ్యాలి. అంత కోస్తే మీగడ మిగలదు. కాబట్టి ఎక్కడ కొయ్యాలి, ఎక్కడ వదిలెయ్యాలి అన్నది తేల్చుకోవాలి. బాబా క్యాంపులో కూర్చునే కుర్చీ తెప్పించాను. కారవాన్ దెబ్బతిన్న పక్కను పడమరకి తిప్పించి, క్యాంపులో ఆయన ఎంత దూరంలో కూర్చుంటాడో ఓబులేసును అడిగి అక్కడ వేయించాను. పొద్దు వాలే వేళ అందులో కూర్చున్నాను. ఎండ నా వీపు మీద పడుతోంది. ఎదురుగా రేకు మీద ఏ చోటు నుంచి వెలుగు తిరిగి నా కళ్ళకి వస్తోందో చూస్తూ ఓబులేసుకు చెప్పాను. అతను సుద్దముక్కతో గీతలు గీశాడు. గుండ్రటి ఒళ్ళు కదా, పొద్దు దిగేకొద్దీ ఆ చోటు పక్కకి జరుగుతూ పోయింది. చీకటి పడేసరికి కిటికీ పైన, వంపు మీద, పొడుగాటి పట్టీ ఒకటి తేలింది.

మిగతా రేకంతా మామూలుగా శుభ్రం చేశాను, అంతే. ఆ పట్టీ మీద మాత్రం నాకు తెలిసిన పనంతా పెట్టాను. పైన గుడ్డ పందిరి కట్టించి, చెయ్యి ఆనించి చూసుకుంటూ, ముందు గరుకు పాలిష్, తర్వాత మెత్తనిది, తర్వాత ఇంకా మెత్తనిది. ప్రతి దఫా మధ్యలో మక్కపిండితో నలుపు తుడవడం. డ్యూటీ అయిపోగానే ఓబులేసు వచ్చి గుడ్డ అందుకునేవాడు.

నాసర్ ఒకసారి వచ్చి చూసి మొహం ముడుచుకున్నాడు. "కింద ఇంకా మసకగానే ఉందేమిటి? గీతలు కనిపిస్తున్నాయి."

"కింద బాబా చూపు పోదు" అన్నాను. "అక్కడ కోస్తే రేకు చచ్చిపోతుంది."

"ఆయన చూపు ఎక్కడికీ పోదు రాజా" అన్నాడు నెమ్మదిగా. కొట్టినట్టే అయింది నాకు. గుడ్డ తిప్పి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాను.  

ఆ సాయంత్రం మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఈసారి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పొద్దు వాలుతోంది. మొదట రెప్పల వెనక మామూలు చీకటే. ఉన్నట్టుండి ఎర్రగా వెలిగింది. తల పక్కకి తిప్పితే పోయింది, మళ్ళీ తిప్పితే వచ్చింది. కళ్ళు మూసుకున్న మనిషికి కూడా తెలిసేంత వెలుగు అది. ఓబులేసును కూర్చోబెట్టి మూసుకోమన్నాను. "కొడ్తాందన్నా, కొడ్తాంది!" అని అరిచాడు. మైనం పలుచగా పట్టించి, మెషీన్ సర్దేశాను. కానీ మా రెప్పల వెనక ఉన్నవి మంచి కళ్ళు. బాబావి అలాంటివి కావు.

క్యాంపు

అల్ షహానియా దాటి, రోడ్డు వదిలి, ఇసుకలో పోయాక బాబా వాళ్ళ చోటు. కారవాన్ పెట్టేటప్పుడు పూర్వం బాబా కర్రతో సైగ చేస్తూ ముందుకి, వెనక్కి జరిపించేవాడట. ఆ రోజు ఓబులేసే తన లెక్కన పెట్టాడు. నేను కుర్చీ వేయించుకుని కూర్చుని, కొంచెం అటు, కొంచెం ఇటు అని అతని ప్రాణం తీశాను. జరిపిన ప్రతిసారీ దిగి వచ్చి "ఇప్పుడన్నా?" అనేవాడు. 

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బాబాను తీసుకొచ్చారు. కారు దిగి, కొడుకు భుజం పట్టుకుని, ఇసుకలో ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. ఎంత చిక్కిపోయాడో! నా గొంతు గుర్తుపట్టి "రాజా" అని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. కుర్చీలో కూర్చోబెట్టాం. టీ వచ్చింది. ఒంటెల సంగతి అడిగాడు, గ్యారేజీ సంగతి అడిగాడు. తర్వాత తల ఎత్తి, ఎటో చూస్తూ అడిగాడు.

"ఓబులేస్, కారవాన్ వేన్?"

ఓబులేసు మొహం పాలిపోయింది. నాసర్ నా వైపు చూశాడు, నేను చెప్పలేదా అన్నట్టు. "ఎదురుగానే ఉంది యుబా" అన్నాడు తండ్రితో. బాబా తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. పొద్దు ఇంకా కొంచెం పైనే ఉంది. ఆ విషయం నాకు తెలుసు.   టీ చల్లారిపోయింది.

పొద్దు దిగింది. కారవాన్ వంపు మీద వెలుగు మెల్లగా జారుతూ, నేను రుద్దిన పట్టీ మీదకి వచ్చింది. కుర్చీ పక్కన నిలబడ్డ నాకే కళ్ళు జిగేల్మన్నాయి. బాబా మొహం మీద వెలుగు పడింది. ఆయన మాత్రం కదల్లేదు. అయిపోయింది, ఇక లాభం లేదనుకున్నాను.

అప్పుడు ఆయన చెయ్యి లేచింది. అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని విసుగ్గా అన్నాడు, "కుర్చీ తిప్పండి. ఎండ కళ్ళల్లో కొడుతోంది."

 నాసర్ వంగి, తండ్రి చెవి దగ్గర చెప్పాడు. "యుబా, సూర్యుడు నీ వెనక ఉన్నాడు."

 బాబా రెండో చెయ్యి వెనక్కి పెట్టి తన వీపు తడుముకున్నాడు. అక్కడి ఎండ వెచ్చదనం చేతికి తగిలినట్టుంది. మళ్ళీ మొహం ముందుకి తిప్పాడు. 

"కారవాన్" అన్నాడు.

ఓబులేసు కుర్చీ తిప్పడానికి అప్పటికే పరిగెత్తుకొచ్చి చేతులు వేశాడు. బాబా అతని మణికట్టు పట్టుకుని ఆపేశాడు. "ఖల్లీ" అన్నాడు. ఉండనీ, వదిలెయ్ అని. "ఖల్లీ, ఓబులేస్, ఖల్లీ." ఓబులేసు అలాగే ఇసుకలో కూలబడి, చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు.

నాసర్ తలమీది గుత్రా కొసతో కళ్ళు ఒత్తుకుని, కాసేపటికి అతని భుజం తట్టాడు. "లే. బాబాకి వేడిగా టీ పెట్టు. వచ్చే ఏడు కూడా దీన్ని నువ్వే గ్యారేజీకి తీసుకెళ్ళాలి. బూడిద మాత్రం మాఫీ."

కళ్ళకు అడ్డం పెట్టుకున్న చెయ్యిని, పొద్దు ఇసుకలోకి దిగిపోయేదాకా బాబా దించలేదు. పని అయిపోయిందని నాకు అలా తెలిసింది.